ఎడమ కాలికి సెలవు

2014లో ఆరు నెలలైనా తిరక్కుండా మన దేశంలో మూడు సంగతులు జరిగాయి. జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. మే నెలలో కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఈ రెంటికీ నడుమ, ఫిబ్రవరిలో, మారుతి వాళ్ళే సెలెరియో అనే చిన్న కారు బయటికి తెచ్చారు. అందులో ఒక రకానికి క్లచ్ పెడల్ లేదు. పోయిన రెండు కార్ల గురించీ జనం బెంగపెట్టుకున్నారు, అది సహజమే. ఎన్నో ఇళ్ళల్లో పెళ్ళిళ్ళూ, పురిటి ప్రయాణాలూ ఆ కార్లలోనే జరిగాయి. కానీ అమ్మలూ, నన్నడిగితే ఆ మూడింట్లో పెద్ద సంగతి ఆ లేని పెడలే.

డ్రైవింగ్ స్కూల్లో చేరబోతూ నువ్వు అడిగావు చూడు, "తాతయ్యా, ఇప్పుడన్నీ ఆటోమేటిక్ కార్లే వస్తున్నాయిగా, ఇంకా నేనీ క్లచ్చు గొడవ ఎందుకు పడాలి?" అని. అన్నీ కాదులే. మన దేశంలో ఇప్పుడు అమ్ముడయ్యే కొత్త కార్లలో సుమారు నాలుగో వంతు ఆటోమేటిక్‌లు. అమెరికాలో మాత్రం ఈ కథ ఎప్పుడో ముగిసింది, అక్కడ వంద కొత్త కార్లలో క్లచ్ పెడల్ ఉన్నవి రెండు కూడా ఉండవు. కాబట్టి నీ ప్రశ్న సబబే. జవాబు చెప్పాలంటే మాత్రం అసలు ఆ క్లచ్ ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి.

పెట్రోల్ ఇంజిన్‌కి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. నిలబడ్డ చోటు నుంచి అది దేన్నీ కదిలించలేదు. సిలిండర్లో పెట్రోలు మండాలంటే పిస్టన్ ముందు కిందికి దిగి గాలి పీల్చాలి, పైకొచ్చి ఆ గాలిని నొక్కిపెట్టాలి. అంటే ఇంజిన్ పని మొదలుపెట్టాలంటే అప్పటికే తిరుగుతూ ఉండాలి! అందుకే సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ బలంతో మొదటి చుట్లు తిప్పిస్తాం. అందుకున్నాక కూడా నిమిషానికి ఏ 800 చుట్లో తిరుగుతూ ఉండాలి. అంతకన్నా బాగా కిందికి లాగామా, గడగడా వణికి ఆగిపోతుంది.

ఇప్పుడో చిన్న లెక్క. మామూలు చిన్న కారు ఫస్ట్ గేర్లో ఉంటే, గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ కలిపి, ఇంజిన్ సుమారు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ 800 చుట్లు తిరిగిందంటే చక్రం 57 చుట్లు. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లు అనుకో. నిమిషానికి సుమారు 100 మీటర్లు, గంటకి 6 కిలోమీటర్లు. ఇంజిన్ ఊపిరి ఆగకుండా కారు పోగలిగిన అతి తక్కువ వేగం అదీ. మనిషి చకచకా నడిచే వేగం. మరి ఆగి ఉన్న కారుది సున్నా. ఆ సున్నాకీ ఆరుకీ మధ్య కాస్త సందు ఉంది చూశావూ, వందేళ్ళకు పైగా ప్రపంచంలోని డ్రైవర్ల ఎడమ కాళ్ళు చేసిన చాకిరీ చాలామటుకు ఆ సందులోనే.

పోనీ, ఫస్ట్ గేర్లోనే ఉండిపోతే? వంద కిలోమీటర్ల వేగానికి చక్రం నిమిషానికి దాదాపు 925 చుట్లు తిరగాలి. దాన్ని 14 పెట్టి హెచ్చవేస్తే ఇంజిన్ 13 వేల చుట్లు తిరగాలన్నమాట. మామూలు ఇంజిన్ అందులో సగం దాటితేనే పిస్టన్లూ వాల్వులూ తట్టుకోలేవు. అందుకే వేగం పెరిగేకొద్దీ గేర్లు మారుస్తాం. టాప్ గేర్లో ఇంజిన్ మూడు చుట్లకే చక్రం ఒక చుట్టు. అదే వంద కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ 2800 దగ్గర హాయిగా తిరుగుతూ ఉంటుంది. అయితే చుట్లు తగ్గినట్టే తోపు కూడా తగ్గుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ టాప్ గేర్లో ఉంటే బండి లాగలేక కొట్టుకునేది అందుకే.

ఇక సున్నాకీ ఆరుకీ మధ్య ఉన్న ఆ సందులో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఇంజిన్ చివర బరువైన ఇనప చక్రం ఒకటి ఉంటుంది, ఫ్లైవీల్. దాన్ని ఆనుకుని జానెడు వెడల్పు కూడా లేని ఓ పల్చటి ప్లేటు. దాని రెండు వైపులా గరుకు పదార్థం అంటించి ఉంటుంది. వెనక నుంచి గట్టి స్ప్రింగు ఆ ప్లేటును ఫ్లైవీల్‌కేసి అదిమి పడుతుంది. అప్పుడు ఇంజినూ చక్రాలూ ఒకటే. పెడల్ తొక్కితే స్ప్రింగు వెనక్కి పోయి ప్లేటు విడుదలవుతుంది, ఎవరి దారి వాళ్ళది. అసలు విద్య పెడల్ సగం వదిలినప్పుడు ఉంది. ఫ్లైవీల్ 1500 చుట్లు తిరుగుతోంది, ప్లేటు ఇంకా నిలబడే ఉంది. రెండూ రాసుకుంటున్నాయి. ఆ రాపిడితోనే ప్లేటు మెల్లగా వేగం పుంజుకుని చివరికి ఫ్లైవీల్‌తో సమానమవుతుంది. రెండు మూడు సెకన్ల పని. ఆ రెండు మూడు సెకన్లలో ఇంజిన్ ఇచ్చిన శక్తిలో దాదాపు సగం ప్లేటు దగ్గర వేడిగా పోతుంది. ఎత్తులో ట్రాఫిక్ ఆగినప్పుడు కొందరు బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెడతారు. అప్పుడొచ్చే మాడు వాసన ఆ ప్లేటుది. వాసన వచ్చిందంటే ప్లేటు ఆయుష్షు కొంత కరిగినట్టే.

గేర్‌బాక్సు గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. రాడ్డు కదిపితే లోపల పళ్ళ చక్రాలు జరిగొచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయనుకుంటారు. వందేళ్ళ కిందట నిజంగా అంతే. ఇప్పటి కార్లలో ముందుకు పోయే గేర్లన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. అయిదు జతలూ తిరుగుతూనే ఉంటాయి, కానీ ప్రతి జతలో ఒక చక్రం తన ఇరుసు మీద వదులుగా తిరుగుతుంది. నువ్వు రాడ్డు కదిపితే కదిలేది ఒక చిన్న పళ్ళ తొడుగు. అది పోయి ఏ జతకి తగులుకుంటే ఆ జత ఇరుసుతో బిగిసిపోతుంది. ఆ తొడుగు తగులుకోవాలంటే రెండు వైపులా వేగం సమానం కావాలి, లేకపోతే కర్రుమని రాసుకుంటాయి. పాత లారీ డ్రైవర్లు ఈ పని చెవులతో చేసేవాళ్ళు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ మీద ఒక్క తొక్కు తొక్కి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేసేవాళ్ళు. ఇంజిన్ శబ్దం విని ఎంత తొక్కాలో తెలుసుకునే ఆ నేర్పంటే నాకు చాలా గౌరవం. 

కార్లవాళ్ళకి ఆ శ్రమ తప్పించింది ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికా ఇంజినీరు. తొడుక్కీ గేరుకీ మధ్య ఒక శంకువు ఆకారపు జోడీ పెట్టాడు. పళ్ళు తగిలే ముందే అవి మెత్తగా రాసుకుని రెండు వేగాల్నీ ఒకటి చేస్తాయి. సింక్రోమెష్ అంటారు. 1928లో క్యాడిలాక్ కార్లలో మొదటిసారి వచ్చింది. నువ్వు స్కూల్లో నడపబోయే కారులో ఇత్తడి రింగుల రూపంలో ఉన్నది అదే. విశేషం ఏమిటంటే, గేర్లు మార్చడం సుళువు చేసిన ఈ థాంప్సనే తర్వాత జనరల్ మోటార్స్‌లో ఒక బృందాన్ని నడిపి, గేర్లు మార్చే పనే లేని కారు తయారుచేయించాడు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన ఆ హైడ్రామాటిక్ పెట్టెతోనే ఆటోమేటిక్ నిజంగా జనంలోకి వెళ్ళింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు దాన్ని ట్యాంకుల్లో కూడా బిగించారు.

మరి క్లచ్ లేకుండా ఆ సున్నా నుంచి ఆరు దాకా ఎలా? ఆ కిటుకు కార్లవాళ్ళది కాదు, ఓడలవాళ్ళది. జర్మనీలో హెర్మన్ ఫొట్టింగర్ అనే ఇంజినీరు ఓడల్లో ఆవిరి టర్బైన్ల మీద పనిచేసేవాడు. టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, నీళ్ళలో పంకా నిదానంగా తిరగాలి. రెంటినీ పళ్ళ చక్రాలతో కాకుండా ద్రవంతో కలిపితే పోలా అనుకుని 1905లో పేటెంటు తీసుకున్నాడు. మీ నానమ్మ మజ్జిగ చిలికేటప్పుడు చూసే ఉంటావు. కవ్వం కుండని ఎక్కడా తాకదు, అయినా జోరు పెంచేసరికి కుదురు మీద కుండ కూడా తిరగబోతుంది, ఎవరో ఒకరు పట్టుకోవాలి. నెమ్మదిగా తిప్పితే కుండ కదలనే కదలదు. మధ్యనున్న మజ్జిగే కవ్వం బలాన్ని కుండకి అందిస్తోంది. ఆటోమేటిక్ కారులో కవ్వం స్థానంలో ఇంజిన్ తిప్పే రెక్కల చక్రం, కుండ స్థానంలో గేర్‌బాక్సును తిప్పే రెక్కల చక్రం, మధ్యలో నూనె. ఇంజిన్ 800 దగ్గర ఉంటే నూనె తోపు బలహీనం, బ్రేకు మీద కాలుంటే చాలు, కారు ఆగి ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఆగదు. బ్రేకు వదిలితే మెల్లగా పాకుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఎత్తుకుంటుంది.

ఫొట్టింగర్ ఇంకో పని చేశాడు. ఆ రెండు చక్రాల నడుమ కదలని మూడో రెక్కల చక్రం పెట్టాడు. తిరిగొచ్చే నూనెని అది మళ్ళించి మొదటి చక్రానికి సాయంగా పంపుతుంది. దాంతో బయల్దేరేటప్పుడు తోపు దాదాపు రెట్టింపవుతుంది. అదే టార్క్ కన్వర్టర్. అరిగిపోయే ప్లేటు లేదు, మాడు వాసన లేదు. కాకపోతే నూనె ఎప్పుడూ కాస్త జారుతూనే ఉంటుంది, జారిందంతా వేడి, అంటే పోయిన పెట్రోలు. ఈ మధ్యకాలపు కార్లలో వేగం అందుకున్నాక రెండు చక్రాల్నీ బిగించేసే ఏర్పాటు ఉంది కాబట్టి ఆ నష్టం బాగా తగ్గింది.

మన దేశంలో ఆటోమేటిక్ ఆలస్యంగా రావడానికి ఆ నష్టం ఒక పెద్ద కారణం. మన దగ్గర కారు కొనేవాడు మొదట అడిగేది "లీటరుకి ఎంతిస్తుంది?" అనే. రెండోది ధర. ఈ రెంటికీ టార్క్ కన్వర్టర్ దగ్గర మంచి జవాబు లేకపోయింది.

అయితే మన ఇళ్ళల్లోకి ఆటోమేటిక్ అనేది కారు కంటే ముందే వచ్చింది, స్కూటర్ రూపంలో. పాత చేతక్ స్కూటర్‌కి ఎడమ చేత్తో క్లచ్ పట్టుకుని, ఆ పిడినే మెలితిప్పి గేరు మార్చాలి. 1980ల్లో కైనెటిక్ హోండా వచ్చింది, 2001లో యాక్టివా. ఇవి గేర్లు లేని బండ్లు అంటారుగానీ నిజానికి లెక్కలేనన్ని గేర్లున్న బండ్లు. ఎప్పుడైనా మెకానిక్ ఎడమవైపు మూత విప్పినప్పుడు చూడు. రెండు కప్పీలు, మధ్యలో రబ్బరు బెల్టు. ముందు కప్పీ రెండు చెక్కలుగా ఉంటుంది, దాని వెనక ఆరు చిన్న రోలర్లు. ఇంజిన్ వేగం పెరిగితే రోలర్లు బయటికి విసురుకుపోతూ ఒక చెక్కను రెండోదానివైపు తోస్తాయి. సందు ఇరుకై బెల్టు కప్పీలో పైకెక్కుతుంది. ముందు చుట్టు పెద్దదైతే వెనక చుట్టు చిన్నదవుతుంది, అదే గేరు మారడం. మీట లేదు, కంప్యూటర్ లేదు, రోలర్ల బరువూ వెనకున్న స్ప్రింగూ తేల్చుకుంటాయి. బయల్దేరడానికి వెనక కప్పీ దగ్గర క్లచ్ షూలు ఉంటాయి. వేగం వస్తే విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, తగ్గితే వదిలేస్తాయి. డచ్ వాళ్ళు డాఫ్ కంపెనీ కారులో ఈ బెల్టు పద్ధతిని 1958లోనే పెట్టారు. ఇప్పటి సీవీటీ కార్లది ఇదే సూత్రం, రబ్బరు బదులు ఉక్కు బెల్టు. మన ఊళ్ళల్లో అమ్మాయిలు కాలేజీకీ, ఉద్యోగానికీ ఎవరి కోసం ఎదురుచూడకుండా వెళ్ళడానికి ఈ బెల్టు స్కూటర్ చేసిన మేలు ఇంకే బండీ చెయ్యలేదని నా నమ్మకం.

ఇక సెలెరియో సంగతి. దాన్ని చేసినవాళ్ళ తెలివి చూడు. కొత్త గేర్‌బాక్సు కనిపెట్టలేదు. పాత గేర్‌బాక్సే, పాత క్లచ్ ప్లేటే. వాటి మీద ఓ చిన్న నూనె పంపూ, కరెంటుతో తెరుచుకునే వాల్వులూ, ఒక కంప్యూటరూ బిగించారు. కంప్యూటర్ చెప్పగానే నూనె ఒత్తిడి క్లచ్‌ను తొక్కుతుంది, గేరు మారుస్తుంది, క్లచ్ వదులుతుంది. నీ ఎడమ కాలూ ఎడమ చెయ్యీ చేసే పనే. దీన్నే ఏఎంటీ అంటున్నారు. ఖర్చు మామూలు కారు కంటే అప్పట్లో 40 వేల రూపాయల దాకా ఎక్కువ, అంతే. లోపల జారే నూనె లేదు కాబట్టి మైలేజీ తగ్గలేదు. మన దేశానికి కావలసిన రెండు జవాబులూ దొరికాయి. ఇందులో ఒక కుదుపు ఉంటుందని అందరూ ఫిర్యాదు చేస్తారు, నిజమే. ఒకే క్లచ్ కాబట్టి గేరు మారే ఆ క్షణం చక్రాలకి శక్తి అందదు. నువ్వే క్లచ్ తొక్కితే ఆ విరామం నీకు ముందే తెలుసు, ఒళ్ళు సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్ తొక్కితే నీకు చెప్పదు, అందుకే తల ముందుకు ఊగుతుంది. సరిసంఖ్య గేర్లకొకటి, బేసిసంఖ్య గేర్లకొకటి చొప్పున రెండు క్లచ్‌లు పెట్టి ఆ కుదుపు తీసేసినవీ ఉన్నాయి. 2003 నుంచి ఫోక్స్‌వాగన్ వాళ్ళు అమ్ముతున్నారు, ధర ఎక్కువ.

క్లచ్ పెడల్ పోతోందని నాకు దిగులు లేదమ్మా. అమీర్‌పేట ట్రాఫిక్‌లో సాయంత్రం పూట అడుగడుక్కీ క్లచ్ తొక్కి మోకాలు పట్టేసినవాళ్ళని చూశాను. ఎడమ కాలు పోలియోతో చచ్చుబడినవాళ్ళు ఒకప్పుడు క్లచ్‌ను చేతికి వచ్చేలా మెకానిక్ చేత మార్పించుకుంటే తప్ప కారు నడపలేకపోయేవాళ్ళు. ఇప్పుడు షోరూముకి వెళ్ళి కొనుక్కుని నడుపుకుంటూ ఇంటికొస్తున్నారు. ఒక యంత్రం లోపాన్ని కప్పిపుచ్చడానికి మనిషి కాలు ఎందుకు అరగాలి?

అయినా నువ్వు క్లచ్ నేర్చుకోవాలనే అంటాను, దానికి రెండు కారణాలున్నాయి. మన లైసెన్సులో టూవీలర్లకి గేరున్నవీ లేనివీ అని రెండు రకాలున్నాయి గానీ, కార్లకి ఆ తేడా లేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే ఆటోమేటిక్కే నడపాలి. ఇక్కడ ఆటోమేటిక్ మీద ఎయిట్ వేసి పాసైనా, మర్నాడు ఏ కారైనా నడపొచ్చు. ఇంట్లో ఎవరికో అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చి, వాకిట్లో ఉన్నది పక్కింటివాళ్ళ క్లచ్ కారే అయితే, అప్పుడు నేర్చుకోలేవు. ఇక ఆటోమేటిక్ ఎక్కినప్పుడు ఎడమ కాలిని పక్కకి పెట్టెయ్. బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ కుడికాలే. క్లచ్ అలవాటున్న ఎడమ కాలు కంగారులో బ్రేకు మీద పడిందంటే, నీ వెనక వచ్చేవాడు నీ డిక్కీలో ఉంటాడు.

రెండో కారణం కొండ. తిరుమల నుంచి దిగేటప్పుడు, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి, కారు సుమారు 700 మీటర్లు కిందికి వస్తుంది. మనుషులతో కలిపి 1300 కిలోల బరువనుకుంటే, ఆ ఎత్తులో దాగిన శక్తి సుమారు 30 లీటర్ల నీళ్ళని మరిగించేంత. కొంత గాలికీ టైర్లకీ పోగా మిగిలినదంతా బ్రేకుల్లోనే అణగాలంటే అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి. అందుకే సెకండ్ గేర్లో దిగుతాం. అప్పుడు ఇంజిన్ చక్రాల్ని తిప్పడం కాదు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. గాలి దారి మూసి ఉన్న ఇంజిన్‌ను తిప్పడం కష్టం, ఆ కష్టమే బండిని పట్టి ఉంచుతుంది. క్లచ్ కారు నడిపినవాళ్ళకి ఇది కాలికి తెలుసు. ఆటోమేటిక్‌లోనే నేర్చుకున్నవాళ్ళు గేరు మీటను మామూలుగా నడిపే డీ స్థానంలోనే పెట్టి, వాసనొచ్చేదాకా బ్రేకు తొక్కుతూ దిగుతున్నారు. ఆ కార్లలోనూ ఎల్ అనో, ప్లస్ మైనస్ అనో ఒక స్థానం ఉంటుంది, దిగేటప్పుడు అందులో పెట్టాలి. గేర్లు లేని స్కూటర్ మీదైతే ఇంకా జాగ్రత్త. వేగం బాగా తగ్గితే క్లచ్ షూలు వదిలేస్తాయి కాబట్టి ఇంజిన్ పట్టు అసలే ఉండదు. ఇంకో మాట, పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్ళు ఉన్నారు. ఇప్పటి ఇంజిన్లలో గేర్లో ఉంచి కాలు తీసేస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిన్‌ను ఆగకుండా ఉంచడానికి ఖర్చవుతుంది.

నువ్వు కారు కొనుక్కునే నాటికి బహుశా ఎలక్ట్రిక్ కారే కొంటావు. కరెంటు మోటారుకి ఆ పుట్టుకలోపం లేదు. ఆగి ఉన్నప్పుడే దాని తోపు ఎక్కువ, పైన పదివేల చుట్లు దాటినా తట్టుకుంటుంది. కాబట్టి క్లచ్ లేదు, మార్చే గేర్లూ లేవు, వేగం తగ్గించే పళ్ళ చక్రాలు ఒకే నిష్పత్తిలో బిగించి వదిలేస్తారు. కొండ దిగేటప్పుడు ఆ మోటారే జనరేటర్‌గా మారి బండిని పట్టి ఉంచుతుంది, ఇన్నాళ్ళూ వేడిగా పోయిన శక్తిలో కొంత బ్యాటరీలోకి వెళుతుంది. తిరుమల నుంచి కొండ కిందున్న అలిపిరి చేరేసరికి ఒకటిన్నర యూనిట్ అటూ ఇటూగా వెనక్కి రావాలి, పది కిలోమీటర్ల దారికి సరిపోయే కరెంటు. కానీ బ్యాటరీ అప్పటికే నిండి ఉంటే అందులో చోటుండదు, మోటారు పట్టు కూడా తగ్గిపోతుంది, మళ్ళీ బ్రేకులే దిక్కు. అందుకని కొండమీద ఛార్జింగ్ పెట్టినా నూటికి ఎనభై దాటనివ్వకు.